మేఘరాజు ఎనిమిదో పందెం

ఆదివారం, రాత్రి

తాత కథను ఇవాళ నాలుగోసారి తిరగరాశాను. వేళ్లు పట్టేశాయి. మద్రాసు రేసుల్లో సైసుగా ఉన్నప్పుడు తాత మేపి, తోమి, నడిపించిన మేఘరాజు అనే గుర్రం కథ అది. రేపు కాలేజీ పత్రికకు ఇవ్వాలి. తాతకు తెలుగు చదవడం రాదు కాబట్టి పైకి చదివి వినిపించాను. వరసగా గెలిచిన ఏడు పందేలకూ కళ్లు మూసుకుని తల ఊపాడు. ఐదోదాని దగ్గర మాత్రం, "ఆ పొద్దు వాన యాడ పడింది పాపా? నువ్వే కురిపించినావా?" అని నవ్వాడు. వానను కొట్టేశాను. ఎంత బాగా కుదిరిన వాక్యమో!

ఎనిమిదో పందెంలో మలుపు దగ్గర గుర్రం ముందుకాలు విరిగింది. అక్కడే సూదేసి చంపేశారు. "విధికి దాని పరుగు చూసి కన్ను కుట్టింది" అని రాశాను.

తాత కళ్లు తెరిచాడు. "విధి ఏంది? పొద్దున పట్టి చూస్తే ఆ కాలు వేడిగా ఉండింది. డాక్టరుకు చెప్తే పందెం నిలిపేస్తారని నేనే చెప్పలే. ఎనిమిదోదీ గెలుస్తాదని ఆశ. అట్నే రాయి."

"నాన్న మన కదిర్కామం పేటంతా నీ గురించి గొప్పగా చెప్పుకుంటాడు తాతా."

"చెప్పుకోనీ. కింద నా పేరు పెట్టు, ఇనిషియల్‌తో."

విధిని కొట్టేసి, తాత చెప్పినట్టే రాశాను. కింద పేరు పెట్టాను. తాత పడుకున్నాడు.

తమిళ బడిలో చదివిన నాన్నకూ తెలుగు చదవడం రాదు. పత్రిక వచ్చాక ఆయనకు నేనే చదివి వినిపించాలి. వేడిగా ఉన్న కాలి గురించి రాసిన ఆ నాలుగు మాటలు దాటేస్తానేమోనని ఇప్పటినుంచే భయంగా ఉంది.