వాలుగ మొప్పల్లో వంకర కొక్కెం

ఫిబ్రవరి 3

సార్ స్లైడు చూసింది ఎంతసేపు? టీ చల్లారేంత కూడా కాదు. "గట్టిగ నొక్కినవమ్మా. కొక్కెం పక్కకు ఒరిగింది. ఇది పాత జాతే, గట్లనే రాసెయ్." నొక్కలేదు సార్ అంటే నవ్వు. నాలుగేళ్లుగా నా పీహెచ్‌డీ గైడు... వాలుగ చేప మొప్పలను కొక్కెంతో పట్టుకుని బతికే చదును పురుగు ఇది, నువ్వుగింజలో సగం లేదు. పాత జాతికి కొక్కెం మొన లోపలికి ఉంటుంది. దీనికి బయటికి. నాకూ కళ్లున్నాయి.

ఫిబ్రవరి 4

ఒళ్లు మండుతోంది, ఇంకా.

ఫిబ్రవరి 5

ఒకటే దారి. నొక్కకుండా చూపించాలి. స్లైడు పై అద్దం మూలలకు వాజలిన్ చుక్కలు పెడితే బరువు పురుగు మీద పడదు. కానీ చేప ఐసులో పడితే ఇవి రాలిపోతాయి. తెల్లారి పడవ దిగిన వాలుగే కావాలి. అంటే బూర్గంపాడు, సమ్మక్క చేపల గంప. చేపలు కోసి, మొప్పలు నాకోసం కవర్లో వేసి ఉంచుతుంది ఎప్పుడూ.

ఫిబ్రవరి 7

కవరూ లేదు, పలకరింపూ లేదు. "నా వాలుగకు పురుగు పట్టిందని ఊరంత చెప్పినవట. నా నోట్ల మన్ను గొట్టినవ్ గద మేడమ్." చెప్పింది నేను కాదు. మా కాలేజీ బోటనీ రవీందర్, వాట్సాప్ గ్రూపులో — గోదావరి చేపల్లో కొత్త పురుగు, మేడమ్‌కు అభినందనలు. అప్పటినుంచి వాలుగను ఎవరూ ముట్టడం లేదట. ఫోన్ చేసి దులిపేశాను. "మంచికే పెట్టిన గద మేడమ్..." ఏం మంచి?

ఫిబ్రవరి 8

బియ్యంలో పురుగు. వంకాయలో పురుగు. పుచ్చిన పంట్లో పురుగు. నా దానికీ అదే మాట. తెలుగులో ఇంకో మాట వెతికాను, దొరకలేదు.

ఫిబ్రవరి 9

పొద్దున్నే వెళ్లి పెద్ద వాలుగ కొన్నాను. "అందరి ముందు కొయ్యక్కా. మొప్పలు నాకే, ముక్కలూ నాకే." జనం మూగారు. ఇది మొప్పల్లో తప్ప బతకదు, మనిషికి అంటదు అని చెప్పాను. ఒకాయన — "చెప్పుడు గాదు మేడమ్, తింటరా?" తింటాను. పక్క హోటల్లో పులుసు పెట్టించుకుని, అక్కడే బల్ల మీద కూర్చుని అందరూ చూస్తుండగా తిన్నాను. కారం ఎక్కువైంది. సమ్మక్క నవ్వలేదు. ఇంకా కొట్టుకుంటున్న ఇంకో వాలుగను కోసి, మొప్పలు నా డబ్బా నీళ్లలో వేసింది. "ఏంది చూస్తున్నవ్? జల్దీ పో. నీ పురుగులు సస్తయ్."

ఫిబ్రవరి 10

వాజలిన్ చుక్కలతో, నొక్కకుండా చూశాను, ప్రతిదానికీ మొన బయటికే. ప్రతిదానికీ! ల్యాబులో ఒక్కదాన్నే గట్టిగా నవ్వుతుంటే అటెండరు తలుపు తీసి చూసి వెళ్లాడు.

ఫిబ్రవరి 12

నేను పంపిన ఫొటోలు చూసి సార్ ఫోన్. "ఇప్పుడు ఇది తిరగదోడితే థీసిస్ మల్ల మొదటికొస్తది. ఇంకో ఏడాది. స్లైడు నొక్కి పాడుచేసిన అని ఒక కాయితం రాసియ్యి, ఈ నెల సబ్మిట్ చేపిస్త." అంటే కొత్తదని ఆయనకూ తెలుసు! పట్టా లేకపోతే వచ్చే ఏడాది కాలేజీలో పాఠాలు చెప్పడానికి నన్ను ఉంచుకోరనీ తెలుసు.

ఫిబ్రవరి 13

అమ్మ — "రాసిచ్చెయ్ బిడ్డా. ఒక్క పురుగు కోసం ఇంత మొండితనం ఏంది?" అన్నం దగ్గర గొడవ. భయంగానే ఉంది. అయినా రాయను.

ఫిబ్రవరి 14

కాయితం అడిగారుగా, రాసి వాట్సాప్‌లో పంపాను. "ఇది కొత్త జాతి. దొరికింది గోదావరి వాలుగలో. చూసింది నేను." కింద సంతకం.

సార్ చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. ఫోన్ పక్కన పెట్టి, తర్వాతి స్లైడుకు వాజలిన్ చుక్కలు పెట్టాను.