ఇసుక టబ్బు జరపకు

రిత్విక డాడీ,

మా అవ్వకు జరమొచ్చిందట, మా ఊరు గాంధారి పోతున్న. మాపటికి వస్త. మొన్నటిదాంక కట్టెల పొయ్యి ఉన్న మూలకు పాత టబ్బుల ఇసుక పోసి పెట్టిన, జరపకు. పిల్లిని కొట్టకు.

పొద్దుగాల అది మల్ల గోనెసంచిల చుట్టిపెట్టిన బీడీ ఆకు మీద ఉచ్చ పోసింది. నానబెట్టిన ఆకంత పారేసిన. ఏడుపొచ్చి చీపురు తీసిన. అప్పుడు సమజైంది. మూడేండ్ల సంది అది పొయ్యిల బూడిదలనే పోసి కప్పెట్టేది. గ్యాస్ ఉందని నువ్వు పొయ్యి పలగ్గొట్టినవు. అది ఇంక ఏడికి పోవాలె? కొడితే దాక్కొని పోస్తది గని, మానదు.

వినీత

పొయ్యి తీసేటప్పుడు నన్ను గూడ అడుగలే నువ్వు. నేను ఊకున్న. పిల్లి ఊకోలే.