‘ఏటి’ని ఏరు చేసింది

నూకరత్నం,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు పట్టుబట్టి పెట్టించిన ఉత్తరాంధ్ర మాండలికం కోర్సు ఈ ఏడు నాకిచ్చారు. ఏ వారం ఏం చెప్పాలో మన డిపార్ట్‌మెంట్ శ్రీను ఏఐ చేత రాయించి తెచ్చాడు. ఎక్కడా తడబాటు లేకుండా నున్నగా ఉంది. నాకు అనుమానం వచ్చిందీ అందుకే.

మూడో వారంలో దొరికింది. మనం ఏమిటి అనడానికి వాడే ‘ఏటి’ని అది నదుల మాటల్లో కలిపేసింది. ఏటి ఒడ్డు, ఏటి నీరు, వాటి పక్కనే మన ‘ఏటి’. మనం చదువుకునే రోజుల్లో, మీ ఊరు యారాడ నుంచి వచ్చిన కొత్తలో నువ్వు “ఏటి మేస్టారూ?” అంటే క్లాసంతా నవ్విన మాట.

శ్రీనుకి చూపించాను.

“అయితే ఏటి మేడమ్? అదొక్కటీ మార్సేత్తే సరిపోద్ది. సంతకం ఎట్టీండి.”

తన నోట్లోనే ఆ మాట ఉందని అతనికి తట్టలేదు.

నాకు తెలిసిన మాట కాబట్టి పట్టుకున్నాను. తెలియనిచోట అది ఏం చేసిందో ఎవరు చెబుతారు? పిల్లలు మాత్రం నేను చెప్పిందే రాసుకుంటారు.

సంతకం పెట్టలేదు. అందరూ వెళ్లిపోయారు. నువ్వుంటే గుమ్మంలో నిలబడి, “ఏటే, ఇంకా ఇంటికెల్లలేదేటి?” అనేదానివి.

లేదే. మొదటి వారం నుంచి మళ్లీ చదువుతున్నాను.