పరుపు ఆపేసిన కబురు

బచేలి, మంగళవారం రాత్రి

అత్తకి చెవులు వినబడటం లేదు. ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

కొండ మీద గనిలో మధ్యాహ్నం పేల్చినప్పుడల్లా అందరికంటే ముందు ఆవిడే, "పేలిందర్రా, గ్లాసులు పట్టుకోండి!" అని కేకేసేది. మేం అలమర దగ్గరికి పరిగెత్తేలోపు మోత వినిపించేది. అందుకే పిలిచినా పలకకపోతే పరాకనుకున్నాం. అంత దూరపు పేలుడుని పసిగట్టే మనిషికి చెవుడేమిటని మా ఆయన నవ్వేవారు.

మోకాళ్ల నొప్పులని నిన్న ఆవిణ్ణి నేల మీది చాప నుంచి స్పాంజి పరుపున్న మంచం మీదికి మార్చాం. ఇవాళ పేలుడు మోగింది. వంటింట్లో గ్లాసొకటి పడి దొర్లింది. ఆవిడ మాత్రం పరుపు మీద కాళ్లు చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. కాసేపటికి తలెత్తి అడిగింది.

"ఈయాల పేల్చనేదేటే అమ్మా?"

గాలిలో కంటే రాతిలో అలలు వేగంగా ప్రయాణిస్తాయని తొమ్మిదో తరగతి పిల్లలకి పాఠం చెప్పేది నేనే. మోత కంటే ముందు నేలలోంచి వచ్చే కుదుపుని ఇన్నాళ్లూ ఆవిడ అరికాళ్లతో అందుకుంది. ఆ ఒక్క కబురూ మేం పరుపేసి ఆపేశాం.

లేదన్నట్టు తల ఊపాను. ఆవిడ ముఖం తేటపడింది. అంటే తన చెవుల మీద తనకీ అనుమానం ఉన్నట్టేగా... ఎన్నాళ్ల నుంచో.

డాక్టరు దగ్గరికి ఎలాగూ తీసుకెళ్లాలి. ముందు రేపు మధ్యాహ్నానికి నేల మీద చాప పరుస్తాను. ఆవిడ కేకేశాకే గ్లాసులు పట్టుకుంటాం.