కారు కింద మాట

మార్చి 4, సోమవారం

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మా ఆటోమేటిక్ గేర్ల కారు మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుందే గానీ బండి కదలదు. వెనక లారీ హారన్. పక్క సీట్లో మా ఆయన, డయాలసిస్ చేయించుకుని వస్తూ, కళ్ళు మూసుకుని ఉన్నారు. కాసేపటికి ఒక్క కుదుపుతో గేరు పడింది. నా ప్రాణం మాత్రం ఇంటికొచ్చాకే కుదుటపడింది.

మెకానిక్ వచ్చి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి వాసన చూశాడు. గేర్ ఆయిల్ మాడిపోయిందట. ఆయిలూ ఫిల్టరూ మార్చి చూడాలట. కిందున్న ఆయిల్ పాన్ విప్పినప్పుడు ఇనప ముక్కలు కనబడితే మాత్రం గేర్‌బాక్స్ మీద ఆశ వదులుకోవడమేనట. షెడ్డు నిండా బళ్ళే, వచ్చే వారం దాకా కుదరదన్నాడు.

మార్చి 5

గురువారం మళ్ళీ డయాలసిస్. ఈసారికి మానేద్దాం అన్నారు ఆయన. క్యాబ్ వద్దట. తిరుగు దారిలో వాంతులవుతాయి, పరాయి వాళ్ళ బండి పాడుచేయలేనన్నారు.

సబబుగానే ఉంది. కానీ ఎంత తేలిగ్గా అన్నారో! అదే నాకు భయం.

వెళ్ళి ఆయిల్, ఫిల్టర్, పాన్ అంచుకి గ్యాస్కెట్ కొనుక్కొచ్చాను. నేనే మారుస్తానంటే నవ్వారు. దానికీ డయాలసిస్సేనా అన్నారు.

మార్చి 6, ఉదయం

మరిది వచ్చి కారుని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టి డ్యూటీకి పోయాడు. వీడియో చూసిందే చూస్తున్నాను.

మార్చి 6, సాయంత్రం

స్నానం చేసినా మాడు వాసన వదల్లేదు.

ఒక మూల బోల్టులు వదులు చేయగానే ఆయిల్ జారింది. కాఫీ డికాషన్ రంగు. సగం టబ్బులో, సగం నా జాకెట్ చేతిలో. పాన్ దింపి అందులోని అయస్కాంతం తుడిచాను. కాటుకలా మెత్తగా బూడిద రంగు ముద్ద. వేళ్ళతో నలిపి చూశాను. ముక్కల్లేవు. ఏడుపొచ్చింది.

పాత ఫిల్టర్ ఊడింది. కొత్తది ఎక్కదు. ఎంత నొక్కినా ఎక్కదు. తిట్టుకుంటుంటే పక్కన టార్చి వెలుగు. ఆయన నేల మీద పడుకుని, సూదులు గుచ్చే చేతిని ఒంటికి ఆనించుకుని, రెండో చేత్తో టార్చి పట్టుకున్నారు. లేవండి అన్నాను. వినలేదు.

"పైన చూడవే, పాత రబ్బరు రింగు అక్కడే ఉండిపోయినట్టుంది."

నిజమే. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గీరుతున్నాను. అప్పుడన్నారు, "నేను మానేస్తానన్నది కారు వల్ల కాదు."

"తెలుసు."

"అలిసిపోయాను."

ముఖం చూసుకునే వీల్లేదు, ఇద్దరి కళ్ళూ పైకే. మోచేతి మీద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి.

"లైట్ కొంచెం ఇటు పెట్టండి" అన్నాను.

పెట్టారు. రింగు ఊడింది. ఫిల్టర్ టక్కున కూర్చుంది. పాన్ బిగించి, కొత్త ఆయిల్ పోసి, కారు కిందికి దింపి, ఇంజన్ ఆన్ చేసి ఒక్కో గేరూ వేసి చూశాను. ఆయిల్ లెవెల్ సరిపోయింది. ఆయన అప్పటికే లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు.

మార్చి 7

పొద్దున నేను పిలవలేదు. ఆయనే వచ్చి కారెక్కారు. ఫ్లైఓవర్ మీద గేరు మారినట్టే తెలియలేదు.

డయాలసిస్ సెంటర్ గేటు దగ్గర నేను ఆపలేదు. ఎందుకో తెలీదు, పోనిచ్చాను. ఆయన అద్దం దించుకున్నారు. ఊరు దాటాక పొలాల మధ్య చాలాసేపు పోయాం.

"ఇక తిప్పు, సెంటర్లో మనకోసం చూస్తుంటారు" అన్నారు.