బోనెట్టు మీద ఏ సగానికి పూత పూశారో తేల్చవలసిందిగా

వినియోగదారుల రక్షణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కార్లకు పూసే మెరుగు పూతల డబ్బాల మీద అచ్చువేస్తున్న మాటలకు అర్థం ఉన్నదీ లేనిదీ సోమవారం లోపల విచారించి తేల్చుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరైనవాడిని. బళ్ళో చదువు పెద్దగా లేదు. ఉన్నదంతా అంతస్తుకీ అంతస్తుకీ మధ్య స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళు మర్చిపోయిన పత్రికలు చదివి, వాళ్ళ మాటలు విని పోగుచేసుకున్నదే. అర్జీ రాయడంలో లోటుపాట్లుంటే మన్నించగలరు. దస్తూరి వంకరగా ఉంటే అది వయసు వల్ల కాదు, నిలబడి రాయడం వల్ల. శుక్రవారం పొద్దుటి నుంచి నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

1. షెడ్డు విషయం. మా అమ్మాయి ఊరి చివర పెట్రోలు బంకును ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో కార్లు కడుగుతుంది. సరంజామా అంటారా, ఒక నీళ్ళ గొట్టం, సబ్బు నురుగు, రకరకాల గుడ్డలు, తన కుడి చెయ్యి. బురదతో వచ్చిన కారు శుభ్రంగా వెళుతుంది. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. కానీ ఆ మధ్య ఒక మెరుగు పూతల కంపెనీ తాలూకు ఏజెంటు అక్కడికి రాకపోకలు మొదలుపెట్టాడు. చొక్కా మీద మడత ఉండదు, బూట్లలో ముఖం చూసుకోవచ్చు. మా ఆవిడ అతనికి నిగనిగలబ్బాయి అని పేరు పెట్టింది.

నిగనిగలబ్బాయి ప్రతిపాదన ఏమనగా: షెడ్డుకు కంపెనీ బోర్డు తగిలించాలి. అద్దె కాగితం కంపెనీ పేరుకు మార్చాలి. మామూలుగా కార్లు కడగడం మానేసి, వచ్చిన ప్రతి కారుకూ పూతే వెయ్యాలి. కారు తెచ్చినవారికి డబ్బా మీది మాటలన్నీ వరస తప్పకుండా చెప్పాలి. ఒక్క మాట మింగినా ఏజెన్సీ రద్దు. రద్దయ్యాక ఆ షెడ్డు ఎవరిదవుతుందో, అమ్మాయి ఎక్కడికి పోతుందో తమకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు. సంతకం సోమవారం. అందువల్ల ఈ తొందర. తమ కార్యాలయం శని, ఆదివారాలు తెరవరని తెలిసీ రాస్తున్నానంటే నా పరిస్థితి తమరు ఊహించగలరు.

2. ప్రదర్శన విషయం. తన సరుకు గొప్పతనం చూపించడానికి పాత కారు ఒకటి కావాలని నిగనిగలబ్బాయి అడిగాడు. అంతకంటే పాతది దొరకదన్నట్టు అందరూ నా కారు వైపే చూశారు. దాని అసలు రంగు ఏమిటన్న దాని మీద మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. సరే అన్నాను. అతను బోనెట్టుకు నడిమధ్య పై నుంచి కిందకి ఒక కాగితం టేపు అంటించి, ఒక సగానికి పూత పూసి, రెండో సగాన్ని దాని ఖర్మకు వదిలేశాడు. ఆరాక మగ్గుతో నీళ్ళు పోశాడు. పూసిన వైపు నీళ్ళు గోళీకాయల్లా దొర్లుకుంటూ పోయాయి. పూయని వైపు పిలవని చుట్టంలా చతికిలబడ్డాయి. నిజం చెప్పాలి కదా, చూడటానికి బాగుంది. మా ఆవిడ కూడా ఇంకో మగ్గు పోయమంది.

“ఇది హైడ్రోఫోబిక్, అంకుల్” అన్నాడు. అంటే నీళ్ళంటే భయమట.

ఇక్కడ ఒక్క మాట. లిఫ్టులో ఏ కథా పూర్తి కాదండీ. ఒకసారి ఒక పెద్దమనిషి పక్కాయనతో, “మా బావమరిది ధైర్యం చేసి తలుపు తీసి చూద్దుడు కదా” అంటూ ఐదో అంతస్తులో దిగిపోయాడు. ఆ తలుపు వెనక ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన మళ్ళీ ఎక్కినప్పుడల్లా అడుగుదామనుకునేవాణ్ణి, మర్యాద అడ్డొచ్చేది. చివరిదాకా వినని మాట మనిషిని ఎంత తొలుస్తుందో నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఉండడు. అందుకే డబ్బాతో ఇచ్చిన కాగితాన్ని చివరిదాకా చదివాను. పూత వేసిన మొదటి రోజుల్లో కారు తడవకూడదు. ఎండలో ఉంచకూడదు. చెట్టు కింద ఆపకూడదు. పిట్ట రెట్ట వేస్తే అది ఎగిరిపోయేలోపు తుడవాలి. ఈ షరతులు పాటిస్తే ఎండ, వాన, చెట్టు, పిట్టల నుంచి సంపూర్ణ రక్షణ.

3. మాటల విషయం. డబ్బా మీద నానో, సిరామిక్, గ్రాఫీన్ అని ఉన్న మాటలకు అర్థాలు చెప్పమని నిగనిగలబ్బాయిని మర్యాదగానే అడిగాను. జరిగిన సంభాషణను తమ విచారణకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“నానో అంటే ఏమిటి బాబూ?”

“చాలా చిన్నది, అంకుల్.”

“ఎంత చిన్నది?”

“కంటికి కనపడనంత.”

“కనపడకపోతే డబ్బాలో ఉందని ఎలా తెలుస్తుంది?”

“అదే కదంకుల్ నానో అంటే.”

గ్రాఫీన్ అంటే సిరామిక్ కంటే పై మెట్టు అన్నాడు. సిరామిక్ చాలదా అంటే చాలుతుంది అన్నాడు. చాలితే పై మెట్టు ఎందుకంటే, చాలామంది పై మెట్టే అడుగుతున్నారు అన్నాడు. డబ్బా మీద ‘నైన్ హెచ్ గట్టిదనం’ అని వజ్రం బొమ్మ వేసి ఉంది. మా భవనం నాలుగో అంతస్తులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు ఉండేది. అక్కడి ఆయన ఎప్పుడూ చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఎక్కేవాడు. పెన్సిళ్ళ గట్టిదనానికి హెచ్ అనే గుర్తు వాడతారని ఆయన మాటల్లోనే విన్నాను. ఇది ఆ హెచ్చేనా అని అడిగితే నిగనిగలబ్బాయి అటూ ఇటూ చూసి అవునన్నాడు. వజ్రం బొమ్మ తీసి పెన్సిలు బొమ్మ వేస్తే ఏం పోయింది? పోనీ ఒక పెన్సిలుతో గీసి చూద్దామా అంటే బోనెట్టుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇక సెల్ఫ్ హీలింగ్. గీతలు పడితే ఎండ వేడికి వాటంతటవే మానిపోతాయట. అదే వరసలో వెనక తలుపుకి కూడా కొంచెం పూసి పెట్టాడు. మా గేటు తగిలి అక్కడ ఒక గీత పడింది. కారును ఎండలోకి తోసి, ఆసుపత్రిలో మనవాళ్ళను చూసినట్టు వెళ్ళి చూసి వస్తున్నాను. గీత ఆరోగ్యంగా ఉంది.

4. సగాల విషయం. ఇది అసలు ఫిర్యాదు, దయచేసి శ్రద్ధగా చదవగలరు. ముసుర్లు పట్టి వెలిశాక ఒక ఉదయం నాకు తోచక బోనెట్టు మీద మగ్గుతో నీళ్ళు పోశాను. రెండు వైపులా నీళ్ళు ఒకేలా చతికిలబడ్డాయి. టేపు ఎప్పుడో తీసేశారు. పూసింది ఏ వైపో నాకు గుర్తు లేదు. అమ్మాయిని పిలిస్తే ఎడమ వైపంది. నిగనిగలబ్బాయిని పిలిపిస్తే కుడి వైపన్నాడు. వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే మా ఆవిడ వంటగది కిటికీలోంచి, “ఎడమంటే ఎదురుగా నుంచున్నవాళ్ళ ఎడమా, లోపల కూర్చున్నవాళ్ళ ఎడమా?” అని ఒక్క ప్రశ్న వేసింది. దాంతో ఎవరి మాట మీద వాళ్ళకే నమ్మకం పోయింది. ఆమె కూడా బయటికి వచ్చాక నలుగురం వంగి, బోనెట్టును వేళ్ళతో తడిమి, పక్క నుంచి, కింద నుంచి చూశాం. పూసినవాడే పోల్చుకోలేకపోయాడు.

కాసేపటికి అతనికి ప్రాణం లేచి వచ్చింది. “అంకుల్, పూత రెండో సగానికి కూడా పాకింది. దీన్ని నానో మైగ్రేషన్ అంటారు.”

“రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి పాకిందంటావు. తేడా కనిపించి ఉంటే?”

“తేడా ఉంటే పనిచేస్తున్నట్టే కదంకుల్.”

అయ్యా, ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి నేర్పినదే అతను చెబుతున్నాడు. కానీ ఏం జరిగినా గెలిచే మాటతో మనిషి ఎలా వాదించాలో తమ శాఖవారైనా సెలవియ్యాలి.

5. మా అమ్మాయి విషయం. దీన్ని అర్జీలో చేర్చవచ్చునో లేదో నాకు తెలియదు. గురువారం సాయంత్రం షెడ్డుకు వెళ్ళాను. ఆమె మణికట్టుకు గుడ్డ చుట్టుకుని, పళ్ళతో ముడి బిగించుకుంటోంది. అవన్నీ గాలి మాటలు తల్లీ అన్నాను.

“తెలుసు నాన్నా.”

“తెలిసీ సంతకం పెడతావా?”

“మామూలుగా కడిగిస్తే ఇక్కడ చార ఉంది, అక్కడ మచ్చ ఉంది అని చుట్టూ తిరుగుతారు. అదే పూత అంటే నోరెత్తరు. మాటలు గాలివైతే కానీ. వేశాక తుడవక్కరలేదంటున్నాడుగా.” చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. “నా చెయ్యి ఇంక తుడవలేదు.”

డాక్టరు ఏమన్నాడని అడిగాను. చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడట. “ఇస్తాను, ఇచ్చి షెడ్డుని ఎవరికి అప్పజెప్పను?” అంది. నాకు అప్పుడు జాలి రావాలి. వచ్చింది కూడా. కానీ నోట్లోంచి మాత్రం, “అయితే జనాన్ని మోసం చేసి బతుకుతావన్నమాట” అని వచ్చింది. ఆమె గుడ్డలు మడిచి లోపలికి వెళ్ళిపోయింది. మా పై వాటాలోనే కాపురం. అప్పటి నుంచి నా గుమ్మం ముందు నుంచే మెట్లెక్కుతుంది, దిగుతుంది, నా వైపు చూడదు. లిఫ్టులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఎక్కేదీ దిగేదీ చెవికి తెలిసిపోతుంది. అదే పెద్ద బాధగా ఉంది. సదరు మాట వెనక్కి తీసుకోవడానికి ఏ కంపెనీవాడూ ఏర్పాటు చేయలేదు.

కావున తమరు దయచేసి,

(అ) స్వయంగా విచ్చేసి, లేదా తగిన పరికరాలతో ఒక మనిషిని పంపి, నా బోనెట్టు మీద పూత పూసిన సగమేదో నిర్ధారించగలరు.

(ఆ) డబ్బా మీది ప్రతి మాటకూ ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా అర్థం అచ్చువేయించగలరు. అర్థం లేనివాటిని ఎంత చిన్నవిగా అంటే, నానో సైజులో అచ్చువేయించగలరు.

(ఇ) అప్పటివరకు మా అమ్మాయి చేత సంతకం పెట్టించరాదని సదరు కంపెనీకి తాఖీదు పంపగలరు. ఆమెకు మాత్రం కోపంగా ఏమీ రాయవద్దు. ఆ పని నేను చేసేశాను.

ఇంతదాకా చదివి ఉంటే తమ ఓపికకు నా దండాలు, చదవకుండా కింద పడేసి ఉంటే నా గ్రహచారాన్ని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విశ్రాంత లిఫ్టు ఆపరేటరు
(విశ్రాంతి లేదు)

తా.క. ఆదివారం. కవరు అంటించేశాక చింపవలసి వచ్చింది. నిన్న నిగనిగలబ్బాయి షెడ్డులో మా అమ్మాయికి పూత వేసే పని చూపించాడట. ముందు కారు కడగాలి. తర్వాత బంకమన్ను ముద్దలాంటిదానితో ఒళ్ళంతా రుద్దాలి. పాలిష్ పెట్టి మళ్ళీ రుద్దాలి. జానెడేసి చోట పూత పూస్తూ, అది బిగుసుకునేలోపు ఒక గుడ్డతో తుడిచి, వెంటనే ఇంకో గుడ్డతో తుడవాలి. కారు మొత్తం ఇంతే. ఆమె అంతా చూసి, “ఈ తుడిచేదంతా ఎవరు?” అని అడిగిందట.

“మీరే మేడమ్.”

“వేశాక ఇంక తుడవక్కరలేదా?”

“వారం వారం చేత్తోనే కడగాలి మేడమ్, మెత్తటి గుడ్డతో. మిషన్లో పెట్టి కడిగిస్తే వారంటీ పోతుంది.”

సోమవారం సంతకానికని అతను ముందే ఇచ్చి ఉంచిన పెన్నును ఆమె అతని చొక్కా జేబులో తిరిగి పెట్టి ఇంటికొచ్చేసింది. నేను అడిగిన అన్ని ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదండీ. డబ్బా మీది మాటల్ని పట్టుకుని వేలాడానే గానీ, పనిచేసే చెయ్యి ఎవరిదని అడగాలని నాకు తట్టలేదు.

నిన్న సాయంత్రమే మెట్ల మీద అడుగుల చప్పుడు మా గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. “నాన్నా, సోమవారం నుంచి ఏం పని నీకు?” అంది. ఏమీ లేదన్నాను. “బటన్ నొక్కడం కాకుండా ఇంకేమైనా వచ్చా?” అంది. నేర్చుకుంటానన్నాను. ఇవాళ పొద్దుటి నుంచి మా భోజనాల బల్ల మీద నాకు తుడవడం నేర్పుతోంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటుంది. “గుండ్రంగా కాదు నాన్నా, ఒకే దిక్కుకి. గుడ్డ మడత మార్చు. మళ్ళీ గుండ్రంగా తిప్పుతున్నావు.” మా ఆవిడ బల్ల ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదంటోంది, మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేలలేదు.

కావున (ఇ) కోరికను వెనక్కి తీసుకుంటున్నాను. (అ), (ఆ) కోరికలు తమ తీరిక మీద చూడవచ్చును. వాటి స్థానంలో వేరొక మనవి. తమ ఆఫీసు కారు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, మురికిగా ఉంటే ఈ వారంలో పెట్రోలు బంకు పక్క షెడ్డుకు పంపించగలరు. అమ్మాయి చెబుతుంది, నేను తుడుస్తాను. కొత్తవాణ్ణి కాబట్టి ఆలస్యమవుతుంది. చారలు మిగిలితే మళ్ళీ తుడుస్తాను. గీత పడితే గీత పడిందనే చెబుతాను.