శుక్రవారం డౌటు

అల్లవరం, 12 జూలై 2025, శనివారం. పొద్దుటి నుంచి ముసురు. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోశాను.

ప్రియమైన దుర్గేష్‌కు,

మన ఊరి సత్తిరాజు సెలవు అయిపోయి రేపు మస్కట్ నీ దగ్గరికి వస్తున్నాడు. మీ అమ్మగారు ఇచ్చిన పూతరేకుల డబ్బాలో ఈ కాగితం పెడుతున్నాను. ఫోనులో చెప్పలేకపోయాను.

రొయ్యల చెరువుల గట్ల మీద మనం పెట్టిన చిన్న కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతున్నాయి. కానీ ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చాలన్నా ప్రతి గట్టుకీ వెళ్లి, కంప్యూటరు పెట్టె విప్పి, మెమరీ కార్డు ఇంటికి తెచ్చి, మార్పు ఎక్కించి, మళ్లీ బురదలో పడి వెళ్లి పెట్టి రావాలి. ఏదో ఒకటి మొరాయిస్తుంది. నువ్వు వెళ్లాక ఆ చిక్కులు అడగడానికే నీ సెలవు రోజు చూసుకుని శుక్రవారం ఫోను చేసేవాడిని. మోకాళ్లు అరిగిపోయాయి. ఇక నావల్ల కాక, చదివి చదివి ఒక పద్ధతి తయారు చేశాను. ఇప్పుడు ఇంట్లోంచి ఒక్కసారి పంపితే అన్ని పెట్టెలూ కొత్త ప్రోగ్రాం తీసుకుంటాయి. పాతది చెరపకుండా పక్కన ఉంచుకుంటాయి. కొత్తది సరిగా నడవకపోతే వాటంతటవే పాతదానికి వెళ్లిపోతాయి.

చెరువు కాపలా తాతబ్బాయి గారు నిన్న సంతలో కనబడి, "ఏవండీ, గట్టు మీదకి రావడం మానేసేరు. పెట్టెలకి బాగయ్యిందా, మీకు బాగోలేదా?" అన్నారు.

ఈ పని ఉగాదికే అయిపోయింది. అయినా ప్రతి శుక్రవారం ఏదో ఒక డౌటు అల్లి నిన్ను అడుగుతూ వచ్చాను. డౌటు లేకపోతే నీకు ఏమని ఫోను చెయ్యాలో నాకు తెలియదు. నీకున్న ఒక్క సెలవూ ఇలా తినేస్తున్నాననిపించింది. ఇక చెయ్యను.

నీ బాబ్జీ

1 ఆగస్టు 2025, శుక్రవారం. ఎండ, ఉక్క. కొబ్బరి మట్టలు గోడవారన పేర్చాను.

దుర్గేష్,

ఒక శుక్రవారం ఊరుకున్నాను. తర్వాతి శుక్రవారం నువ్వే చేశావు.

"ఒరేయ్, కొత్తది ఎక్కించుకున్నా, పాతదానికి వెళ్లిపోయినా ప్రతి పెట్టే నా ఫోనుకీ మెసేజ్ పెడతాది. మొదట్లో పెట్టుకున్న నా నంబరు నువ్వు తీయలేదు. ఉగాదికే తెలుసు నాకు" అన్నావు.

"మరి చెప్పలేదేం?" అంటే, "చెబితే ఫోను మానేత్తావు కదరా. డౌటు దొరక్క నువ్వు నసుగుతుంటే నేనే ఒకటి అందించేవాణ్ణి, గుర్తులేదా?" అన్నావు.

నేను "ఆయ్" అని పెట్టేశాను. ఫోనులో చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను. నీ నంబరు తీయను.

ఈవేళ పంపిన కొత్తదాన్ని తాతబ్బాయి గారి చెరువు పెట్టె ఒక్కటే ఒప్పుకోక పాతదానికి వెళ్లిపోయింది. ఎందుకో ఈసారి నిజంగా తెలియలేదు. ఆ మెసేజ్ నీకూ వచ్చే ఉంటుంది. స్క్రూడ్రైవరు సంచిలో వేశాను. ఫోను మోగుతోంది, నువ్వే అయి ఉంటావు. పెరట్లో ఆరేసిన బట్టలు తర్వాత తీస్తాను, ముందు ఫోను ఎత్తుతాను.